ఆగస్టు చివర్లో ఐర్లాండ్ పడమటి తీరం: పఫిన్‌లు వెళ్ళిపోయాక చూడటానికి ఏ పక్షులు ఉంటాయి?

ప్రశ్న (లిమరిక్ నుంచి)

నమస్కారమండీ. మా అమ్మా నాన్నా జులైలో ఉప్పాడ నుంచి మా ఇంటికి వచ్చారు, సెప్టెంబరు మొదటి వారంలో తిరిగి వెళతారు. నాన్న నలభై ఏళ్ళు సముద్రం మీద వేటకు వెళ్ళిన మనిషి కాబట్టి, ఇక్కడి సముద్రాన్నీ దాన్ని నమ్ముకుని బతికే పక్షులనూ ఆయనకు చూపించాలని నాకు ఎంతో కోరికగా ఉంది. పది రోజుల కిందట ఇద్దరినీ మోహర్ కొండచరియల దగ్గరికి తీసుకువెళ్ళాను. 214 మీటర్ల ఎత్తున నిట్టనిలువుగా లేచిన ఆ రాతిగోడను చూసి ఇద్దరూ చాలాసేపు మాట్లాడలేదు. అయితే నేను అన్ని రోజులుగా ఊరిస్తూ చెప్పిన, రంగుల ముక్కు ఉండే పఫిన్ అనే సముద్రపు పిట్ట ఒక్కటి కూడా కనబడలేదు. రాతి అరల మీద తెల్లటి రెట్ట చారలు పైనుంచి కిందిదాకా ఉన్నాయి, పక్షులు మాత్రం లేవు. “ఇంత రెట్ట ఉందంటే ఇక్కడ వేల పక్షులు కాపురం చేసి ఉంటాయి, అవన్నీ ఏ దిక్కుకు పోయాయి?” అని నాన్న అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆగస్టు నెలాఖరులో రెండు రోజులు సెలవు దొరికే వీలుంది. ఆ సమయంలో ఈ రాతి తీరం వెంబడి నిజంగా చూడదగ్గ పక్షులు ఉంటాయా, ఉంటే ఎక్కడికి వెళ్ళాలి, ఏ వేళకు వెళ్ళాలి? నా దగ్గర 8×42 బైనాక్యులర్స్ ఉన్నాయి, టెలిస్కోప్ లేదు. అమ్మకు మోకాళ్ళ నొప్పి ఉంది కాబట్టి ఎక్కువ దూరం నడవలేదు.

సమాధానం (గాల్వే నుంచి)

మీ నాన్నగారి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఆ పక్షులన్నీ సముద్రం మీదికి పోయాయండీ. పఫిన్‌లు జులై నెలాఖరుకో ఆగస్టు తొలి రోజులకో గూళ్ళు వదిలేస్తాయి, కొండ అరల మీద గుడ్లు పెట్టే సముద్రపక్షులైన గిల్లెమాట్‌లు జులైలోనే కొండను ఖాళీ చేస్తాయి. గిల్లెమాట్ పిల్ల మూడు వారాల వయసులో, రెక్కలు ఎగరడానికి ఇంకా సిద్ధం కాకముందే, కొండ అంచు నుంచి నీళ్ళలోకి దూకేస్తుంది. కింద నీటి మీద ఉండి దాన్ని పిలిచేది తండ్రి పక్షి, ఆ తరవాత కొన్ని వారాలపాటు నడిసముద్రంలో దాన్ని వెంటబెట్టుకుని తిరుగుతూ చేపలు పట్టి పెట్టేదీ తండ్రే. ఐర్లాండ్ పాత లెక్క ప్రకారం ఆగస్టు ఒకటో తేదీతోనే శరత్కాలం మొదలవుతుంది, మనం ఇంకా వేసవి అనుకునే ఈ రోజుల్లో పక్షులు కూడా ఆ లెక్కతోనే నడుస్తాయి.

అందుచేత ఆగస్టు చివర్లో కొండకు వీపు ఆనించి సముద్రం వైపు తిరిగి కూర్చోవాలి. ఆ పనికి నాకు తెలిసినంతలో క్లేర్ కౌంటీలోని బ్రిడ్జెస్ ఆఫ్ రాస్‌ను మించిన చోటు లేదు. లిమరిక్ నుంచి కిల్కీ మీదుగా కారులో దాదాపు రెండు గంటల ప్రయాణం. ఒకప్పుడు అక్కడ సముద్రం తొలిచిన రాతి వంతెనలు మూడు ఉండేవి, ఇప్పుడు ఒక్కటే నిలిచి ఉంది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. కారు నిలిపే చోటు నుంచి కొద్ది దూరం నడిస్తే ఉత్తరానికి ముఖం చేసిన రాతి కొన వస్తుంది. ఎండ వెనక నుంచి పడుతుంది కాబట్టి పగలంతా పక్షుల రంగులు స్పష్టంగా తెలుస్తాయి.

అక్కడ అంతా గాలి మీద ఆధారపడి ఉంటుంది, ఈ సంగతి మీ నాన్నగారికి నాకంటే బాగా అర్థమవుతుంది. అట్లాంటిక్ మీద అల్పపీడనం ఒకటి దాటి వెళ్ళి, పడమటి గాలి వాయవ్యానికి తిరిగినప్పుడు, దక్షిణానికి వలసపోతూ తీరానికి చాలా దూరంగా ఉండవలసిన పక్షులు ఒడ్డు వైపుకు నెట్టుకొచ్చి గాల్వే అఖాతం పరిసరాల్లో ఇరుక్కుంటాయి. మళ్ళీ బయటపడటానికి అవి తీరం వెంబడే గాలికి ఎదురీదుతూ పడమటికి పోయి, లూప్ హెడ్ కొనను చుట్టి వెళ్ళాలి. ఆ దారిలో అన్నిటికంటే ముందుకు పొడుచుకొచ్చిన రాళ్ళలో రాస్ ఒకటి కనుక, మామూలు రోజున పడవ ఎక్కి మైళ్ళ దూరం వెళితేగాని కనబడని పక్షులు ఆ రోజున ఒడ్డుకు దగ్గరగా, ఒకదాని వెనక ఒకటిగా సాగిపోతాయి. అందుకని ముందుగా తేదీ ఖాయం చేసుకోకండి. ఐర్లాండ్ వాతావరణ శాఖ మెట్ ఏరిన్ వారి సముద్ర వాతావరణ సూచనలో వాలెన్షియా, లూప్ హెడ్, స్లైన్ హెడ్ అని పేర్లు చదువుతారు. ఆ భాగానికి వాయవ్య గాలి, గాలి బలాన్ని చెప్పే బోఫోర్ట్ కొలతలో ఆరో ఏడో స్థాయి బలంతో ఉందని చెప్పిన మర్నాటి ఉదయం ఏడు గంటలకల్లా అక్కడ ఉండండి. గాలి తూర్పు నుంచి వీచే రోజున అక్కడ కూర్చుంటే ఖాళీ నీళ్ళు చూసి రావలసి వస్తుంది, నేను అలా వచ్చిన రోజులు ఉన్నాయి.

మాంక్స్ షియర్‌వాటర్‌లు ఎక్కువగా కనబడతాయి. పైన నలుపు, కింద తెలుపు. రెక్కలు ఆడించకుండా బిగబట్టి, ఒకసారి ఇటు ఒకసారి అటు ఒరుగుతూ అలల మీద జారిపోతాయి కాబట్టి దూరం నుంచి నల్లగా, మరుక్షణం తెల్లగా మెరుస్తాయి. వీటి మధ్య ఒళ్ళంతా మసిరంగుగా ఉండి రెక్కల అడుగున వెండి జాడ కనిపిస్తే అది సూటీ షియర్‌వాటర్. అది ఫాక్‌ల్యాండ్ దీవుల వంటి దక్షిణ సముద్రపు చోట్ల గుడ్లు పెట్టి, అక్కడి చలికాలాన్ని తప్పించుకోవడానికి భూగోళం ఈ కొసకు వచ్చే పక్షి. సేబిన్ గల్ అనే చిన్న సముద్రపక్షి ఆర్కిటిక్ నుంచి ఆఫ్రికా నైరుతి తీరానికి పోతూ ఈ దారిన వెళుతుంది. దాని కోసమే యూరప్ నలుమూలల నుంచి మనుషులు వచ్చి ఆ రాళ్ళ మీద గంటల తరబడి కూర్చుంటారు. టెలిస్కోప్ ఉన్నవాళ్ళు పక్కనే ఉంటారు, అడిగితే తప్పక చూపిస్తారు. సముద్రం మీద గురుతులు ఉండవు కాబట్టి వాళ్ళు “తెల్లటి నురగ రాయికి ఎడమగా, దిగంతానికి సగం కిందుగా” అంటూ చెప్పుకుంటారు, ఆ పద్ధతి మొదటి గంటలోనే పట్టుబడుతుంది. అద్దాల మీద ఉప్పు తుంపర పడుతూనే ఉంటుంది, మెత్తటి నూలు గుడ్డలు మూడు నాలుగు పట్టుకెళ్ళండి.

సమాధానం (కార్క్ నుంచి)

పై సమాధానంలో చెప్పినదంతా నిజమే, కానీ ఇద్దరు పెద్దవాళ్ళను, అందులోనూ మోకాళ్ళ నొప్పి ఉన్న అమ్మగారిని, ఏడో స్థాయి గాలిలో తడిరాళ్ళ మీద కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదండీ. ఆ తీరంలో పచ్చిక అంచుదాకా ఉంటుంది, దాని కింద నేల ఎక్కడ తొలిచేసి ఉందో పైనుంచి తెలియదు. దూరపు తుపాను వల్ల లేచే పెద్ద అల, గాలి లేని రోజున కూడా, ఒక్కసారిగా రాళ్ళ మీదికి వస్తుంది. అంచుకు బాగా వెనకగా ఉండండి. ప్రమాదం ఏదైనా కళ్ళబడితే 112కు గానీ 999కు గానీ ఫోన్ చేసి కోస్ట్ గార్డ్ కావాలని అడగండి.

గాలి అనుకూలించకపోతే ఒక రోజును లూప్ హెడ్ దీపస్తంభం దగ్గర గడపమని నా సలహా. అక్కడ బల్లపరుపు పచ్చిక ఉంది, కారుకు దగ్గరలోనే కూర్చోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాలకు కనబడేలా తెల్లరాళ్ళతో నేల మీద పేర్చిన దేశం పేరు కూడా అక్కడ చూడవచ్చు. ఆ పచ్చికలో చఫ్ పక్షులు మేస్తాయి. కాకి జాతివే, నల్లటి నిగనిగలాడే ఒళ్ళు, వంగిన ఎర్రటి ముక్కు, ఎర్రటి కాళ్ళు. పశువులు కురచగా మేసిన గడ్డిలోకి ముక్కు గుచ్చి పురుగులు తీసుకుంటాయి కాబట్టి, పశువులు మేయడం మానేసి గడ్డి ఎత్తుగా పెరిగిన చోట ఇవి నిలవవు. ఐరిష్ భాషలో కాకి జాతి పక్షి ఒకదానికి ‘కాగ్’ అనే మాట ఉంది, దీని పేరు ‘ఎర్రకాళ్ళ కాగ్’ అని. మన ‘కాకి’కి అంత దగ్గరగా వినిపించే ఆ మాటను మొదటిసారి విన్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

గ్యానెట్‌లు అనే పెద్ద తెల్లటి సముద్రపక్షులు అక్కడా ఉంటాయి, ఆగస్టు చివర్లో వాటిని చూడటం మరీ బాగుంటుంది. కెర్రీ తీరంలోని లిటిల్ స్కెల్లిగ్ దీవి మీద 2014 నాటి లెక్కలో సుమారు 35,000 జంటలు ఉన్నాయి. ముప్ఫై మీటర్ల ఎత్తు నుంచి కూడా రెక్కలు వెనక్కి ముడిచి బాణంలా నీళ్ళలోకి పడతాయి. పిల్లలు గూడు వదిలే రోజులు ఇవే. ముదురు గోధుమరంగు మీద తెల్లటి చుక్కలతో, తల్లిదండ్రులకంటే బరువుగా ఉండే ఆ పిల్ల ఒకసారి నీటి మీద వాలిందంటే కొన్నాళ్ళపాటు మళ్ళీ లేవలేక, కొవ్వు కరిగేదాకా ఈదుతూనే దక్షిణానికి పోతుంది.

మూడో దారి మా కార్క్‌లోని కేప్ క్లియర్ దీవి. బాల్టిమోర్ నుంచి పడవలో వెళ్ళాలి. పక్షుల పరిశీలన కేంద్రం 1959 నుంచీ ఉంది. రాస్‌కు వాయవ్య గాలి ఎలాగో, ఈ దీవికి నైరుతి గాలి, దానితోపాటు వాన మసక అలాగ. గ్రేట్ షియర్‌వాటర్, కోరీస్ షియర్‌వాటర్ ఆగస్టులో ఇక్కడ కనబడేది అటువంటి రోజుల్లోనే. ఈ జాతుల ఆయుష్షు గురించి మీ నాన్నగారికి ఒక్క మాట చెప్పండి. ఉత్తర ఐర్లాండ్‌లోని కోప్‌ల్యాండ్ దీవిలో 1953లో, అప్పటికే కనీసం ఐదేళ్ళ వయసున్నప్పుడు, కాలికి ఉంగరం తొడిగిన ఒక మాంక్స్ షియర్‌వాటర్ 2003లో అదే దీవిలో మళ్ళీ చేతికి చిక్కింది. అప్పటికి దాని వయసు తక్కువలో తక్కువ 55 ఏళ్ళు. అన్ని ఏళ్ళూ అది చలికాలానికి దక్షిణ అమెరికా తీరానికి పోయి వేసవికి తిరిగి వచ్చి ఉండాలి.

సమాధానం (కాకినాడ నుంచి)

నేను ఐర్లాండ్ చూడలేదు, అయినా మీ నాన్నగారికి ఒక పాత పరిచయస్థుడు అక్కడ దొరుకుతాడని చెప్పడానికి రాస్తున్నాను. మా హోప్ ఐలాండ్ ఇసుక మీద, కోరంగి మడ అడవుల అంచుల్లో చలికాలంలో టర్న్‌స్టోన్ అనే చిన్న పక్షి తిరుగుతుంది. నారింజరంగు పొట్టి కాళ్ళు, రొమ్ము మీద నల్లటి మచ్చ, ముక్కుతో గులకరాళ్ళనూ గవ్వలనూ తిరగేసి అడుగున ఉన్న పురుగులను తింటుంది. ఆగస్టులో ఐర్లాండ్ తీరంలో పాటు తీసిన వేళ, నాచు పట్టిన రాళ్ళ మధ్య ఇదే పక్షి ఇదే పని చేస్తూ ఉంటుంది. మా దగ్గరికి వచ్చేవి సైబీరియా వైపువి, మీ దగ్గరికి వచ్చేవి గ్రీన్‌ల్యాండ్, ఈశాన్య కెనడా వైపువి, జాతి మాత్రం ఒక్కటే. అమ్మగారు నడవనక్కరలేకుండా కిల్కీ ఒడ్డున కూర్చుని కూడా దీన్ని చూడవచ్చునని అనుకుంటున్నాను.

ప్రశ్న వేసినవారి నుంచి (వారం తరవాత)

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. శుక్రవారం రాత్రి అల్పపీడనం దాటింది, శనివారం తెల్లవారుజామున నాన్న పెరట్లో నిలబడి “గాలి మళ్ళింది, బయల్దేరదాం” అన్నారు. ఏడున్నరకు రాస్ చేరాం. అమ్మ రెండు దుప్పట్లతో కారులోనే కూర్చుంది, నాన్న, నేను అంచుకు దూరంగా ఒక బండ చాటున కూర్చున్నాం. మొదటి అరగంట నాకు అలలు తప్ప ఏమీ కనబడలేదు. నాన్న మాత్రం బైనాక్యులర్స్ పక్కన పెట్టి, “అల మీద చూడకు, రెండు అలల మధ్య పల్లంలో చూడు” అన్నారు. అక్కడ ఊరపిచ్చుకంత నల్లటి పిట్ట ఒకటి, నడుము మీద తెల్లటి పట్టీతో, కాళ్ళు నీటికి తగిలిస్తూ తగిలించకుండా ఎగురుతోంది. పక్కన టెలిస్కోప్ ఉన్న పెద్దాయన అది స్టార్మ్ పెట్రెల్ అనీ, పాతిక గ్రాముల బరువు ఉంటుందనీ చెప్పారు. అంత గాలిలో, అంత కెరటాల మధ్య ఆ పిట్ట తొణకకుండా మేత ఏరుకోవడం చూసి నాన్న చాలాసేపు దాన్ని వదల్లేదు. మధ్యాహ్నంలోపు నాలుగు పెట్రెల్‌లు, పదకొండు సూటీ షియర్‌వాటర్‌లు లెక్కపెట్టాం. మాంక్స్‌లను లెక్కపెట్టడం మానేశాం. తిరుగుదారిలో కిల్కీ దగ్గర అమ్మే మొదట టర్న్‌స్టోన్‌లను గుర్తుపట్టింది.

ఒక సందేహం మిగిలింది. పదిన్నరకు చిన్న సముద్రపక్షి ఒకటి చాలా దగ్గరగా పోయింది. తెల్లటి ఒళ్ళు, రెక్కల మీద ఏటవాలుగా నల్లటి చార, మెడ వెనక నల్లటి పట్టీ, తోక కొసన నలుపు. అది సేబిన్ గల్ అవుతుందా?

సమాధానం (గాల్వే నుంచి)

మీరు ఇంత శ్రద్ధగా రాసిపెట్టుకోవడం వల్ల చెప్పడం తేలికైంది. అది సేబిన్ గల్ కాదండీ, ఈ ఏడాదే పుట్టిన కిట్టివేక్ (అదీ గల్ జాతి సముద్రపక్షే) పిల్ల. సేబిన్ పిల్లకు వీపు, మెడ పక్కలు బూడిద కలిసిన గోధుమరంగులో ఉంటాయి, రెక్క మూడు రంగుల త్రికోణాలుగా విడిపోయి కనిపిస్తుంది, ఏటవాలు చార ఉండదు. ఏటవాలు చార, మెడ వెనక నల్లపట్టీ రెండూ కిట్టివేక్ పిల్లవే. ఈ రెంటినీ పొరబడటం అనుభవం ఉన్నవాళ్ళకూ జరుగుతుంది. కిట్టివేక్‌లు మోహర్ కొండచరియల మీద కూడా గూళ్ళు కడతాయి కాబట్టి, రెట్ట చారలు మాత్రమే మిగిలిన ఆ అరల మీది నుంచి ఈ జులైలో ఎగిరిన పిల్లే అది కావచ్చునని మీ నాన్నగారికి చెప్పండి.