తెలుగు పుస్తకానికి ఉచిత ఫాంట్లు, బొమ్మలు: అమ్మకానికి వాడవచ్చా?

గ్రంథాలయ మిత్ర:
మా ఊరి గ్రంథాలయం తరఫున పిల్లల కథల పుస్తకం ఒకటి అచ్చు వేసి తక్కువ వెలకు అమ్మదలచాం. నిరుడు ఉచితమని రాసి ఉన్న ఒక ఫాంటును దింపుకొని కరపత్రం వేయిస్తే, ‘రాష్ట్రం’ అన్న మాటలో ఒత్తులు విడిపోయి 500 ప్రతులు వృథా అయ్యాయి. నమ్మదగిన ఫాంట్లు, బొమ్మలు ఎక్కడ దొరుకుతాయో, వాటిని అమ్మకపు పుస్తకంలో వాడవచ్చో లేదో దయచేసి తెలుపగలరు.

అక్షరప్రియ:
గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు భాషను ఎంచుకుని చూడండి. శీర్షికలకు రామభద్ర నిండుగా ఉంటుంది. కథల పాఠానికి మండలి గానీ, నోటో సెరిఫ్ తెలుగు గానీ, టిరో తెలుగు గానీ కంటికి హాయిగా ఉంటాయి. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదలైనవి కనుక వీటితో అచ్చు వేసిన పుస్తకాన్ని నిస్సంకోచంగా అమ్ముకోవచ్చు. ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. ఏ ఫాంటునైనా ఎంచుకునే ముందు ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ అన్న మాటలను మీరు వాడబోయే పరిమాణంలోనే కాగితంపై అచ్చు తీసి చూడండి. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి పంక్తుల మధ్య ఎడం ఇంగ్లీషుకు ఇచ్చేదానికంటే ఎక్కువ కావాలి. పిల్లల పుస్తకమైతే 14 పాయింట్ల అక్షరానికి ఒక పంక్తి నుంచి తర్వాతి పంక్తికి 22 పాయింట్ల ఎడం (అక్షరం ఎత్తు కూడా కలుపుకొని) ఇవ్వమని నా సలహా.

అచ్చు పనివాడు:
ఒత్తులు విడిపోవడానికి కారణం ప్రతిసారీ ఫాంటే కాదండీ. అక్షరాలను కూర్చే పని సాఫ్ట్‌వేరుది. పుస్తకం పుటలను కూర్చేందుకు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు స్క్రైబస్ పాత 1.4 వెర్షన్లలో తెలుగు సరిగా కూర్చబడదు, 1.6లో ఆ ఇబ్బంది లేదు. ప్రెస్సుకు పని చేసుకున్న ఫైలు ఇవ్వకుండా, ఫాంట్లు పొందుపరచిన పీడీఎఫ్ ఇవ్వండి. అక్కడ ‘అను’ అనే పాత తరహా, యూనికోడ్ కాని ఫాంట్లతో పని చేస్తూ ఉంటే, అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదవగలిగే యూనికోడ్ పద్ధతిలోని మీ పాఠాన్ని మార్చవలసి వస్తుంది, తప్పులు దొర్లేది ఆ మార్పిడిలోనే. ముఖపత్రాన్ని ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరులో గీస్తే అక్షరాలను గీతలుగా మార్చి పంపవచ్చు. అయితే మార్చకముందు ప్రతి ఒకటి దాచుకోండి, ఆ తర్వాత అక్షరదోషం దిద్దడం కుదరదు.

బొమ్మల పెట్టె:
ఓపెన్‌క్లిప్‌ఆర్ట్ అనే ఉచిత బొమ్మల సైటులోని బొమ్మలను అమ్మకానికి కూడా వాడవచ్చు, చిత్రకారుల పేరు వేయాలన్న నిబంధన లేదు. వికీమీడియా కామన్స్‌లో ఒక్కో బొమ్మకు ఒక్కో లైసెన్సు ఉంటుంది కనుక ఆ పేజీని చదివి, అడిగిన చోట పేరు తప్పక వేయండి. మరే చోటనైనా ‘వాణిజ్యేతరం’ అన్న షరతు కనిపిస్తే ఆ బొమ్మను వదిలివేయండి. తక్కువ వెల అయినా అది అమ్మకమే. నెట్‌లో విరివిగా కనబడే బాపు గారి బొమ్మలను ఉచితమనుకోవద్దు. ఆయన 2014లో కన్నుమూశారు, మన చట్టం ప్రకారం చిత్రకారుని మరణానంతరం 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. ఎ4 పుట నిండా వేసే బొమ్మ 2480 × 3508 పిక్సెళ్లకు తగ్గకుండా చూసుకోండి.

గ్రంథాలయ మిత్ర:
అందరికీ కృతజ్ఞతలు. మొదట ఒక కథను నోటో సెరిఫ్‌లో, మండలిలో విడివిడిగా అచ్చు తీసి, గ్రంథాలయానికి వచ్చే పిల్లల చేత చదివించి చూస్తాను.