చిన్న చెరువులో పడవ మోటార్లకు ఎంత శక్తి, ఎంత వేగం వరకు అనుమతించవచ్చు?

ప్రశ్న: ఆనందపురం సంఘ సభ్యుడు

సభ్యులందరికీ నమస్కారం. విశాఖపట్నానికి ఉత్తరాన, ఆనందపురం మండలంలో ఉన్న ఒక సాగునీటి చెరువులో చేపలు పెంచుకుని పట్టుకునే హక్కు మా మత్స్యకార సహకార సంఘానికి ఉంది. వర్షాలు బాగా పడిన ఏడాది సుమారు 150 ఎకరాల్లో నీరు నిలుస్తుంది. తూము దగ్గర పన్నెండు అడుగుల లోతు ఉన్నా, ఎగువ వైపు సగానికి పైగా భాగంలో నాలుగైదు అడుగులకు మించదు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను ఏటా మేమే కొని వదులుతాం. కొర్రమీను మాత్రం ఎగువన తుంగలోనూ తామరలోనూ దానంతట అదే గుడ్లు పెట్టి పెరుగుతుంది.

ఇంతకాలం థర్మోకోల్ తెప్పల మీద, జత కట్టిన తాటి దోనెల మీద తెడ్డుతోనో గెడతోనో వేటకు వెళ్లేవాళ్లం. సముద్రంలో వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తీరం వారి పడవలకు పని ఉండదు. నిరుడు ఆ రోజుల్లో ఒక సభ్యుని బంధువులు తమ ఫైబర్ పడవను 9.9 హార్స్‌పవర్ ఇంజనుతో సహా తెచ్చి మా చెరువులో దింపారు. వారు చెడ్డవారు కారు, సముద్రంలో నడిపినట్టే ఇక్కడా నడిపారు. ఆ అలకు తెప్ప మీద ఉన్న ఒక పెద్దాయన నీళ్లలో పడ్డారు, రెండు వలలు తెగిపోయాయి. అయినా ఆ పడవను చూసినవారిలో కొందరు ఇప్పుడు ఇంజన్లు కొనాలనుకుంటున్నారు. నైరుతి గాలికి ఎదురు తెడ్డు వేయలేకపోతున్న వయసు పైబడిన సభ్యులు కూడా మోటారు కావాలనే అంటున్నారు, వారి మాటను తోసిపుచ్చడం న్యాయం కాదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో నియమాలు పెట్టాలి. ఇంజను శక్తికి హద్దు పెట్టడం మంచిదా, వేగానికా? వేగాన్ని కొలిచే పరికరం లేని చోట ఆ నియమాన్ని అమలు చేయడం ఎలా? అసలు ఇటువంటి నియమం పెట్టే అధికారం సంఘానికి ఉందా?

సమాధానం: భీమిలి ఇంజన్ మెకానిక్

అయ్యా, నేను ఔట్‌బోర్డ్ (పడవ వెనుక బయట బిగించే) ఇంజన్లు బాగుచేసి బతికేవాడిని కనుక మోటార్లకు వ్యతిరేకిని కాను. అయితే మీరు చెప్పిన లోతులకు 9.9 ఇంజను తగదని నిశ్చయంగా చెప్పగలను.

ముందు అల సంగతి. ప్రతి పడవకూ దాని పొడవును బట్టి ఒక సహజమైన వేగ పరిమితి ఉంటుంది. నీటిని తాకి ఉండే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ వేగం నాట్లలో (పడవల వేగపు కొలతలో) వస్తుంది. పదహారు అడుగుల పడవకు అది 5.36 నాట్లు, అంటే గంటకు సుమారు 10 కిలోమీటర్లు. ఆ వేగానికి చాలా దిగువన నడిపితే అల చిన్నదిగా ఉంటుంది. దాన్ని దాటించాలని చూసినప్పుడు పడవ ముక్కు పైకి లేచి వెనుక భాగం నీటిలో కుంగుతుంది. అతి పెద్ద అల లేచేది అప్పుడే. అల ఎత్తు రెండింతలైతే అది మోసే శక్తి నాలుగింతలవుతుంది కనుక, నీటికి నాలుగు అంగుళాల ఎత్తున కూడా అంచు లేని తాటి దోనెకు, అసలు అంచే లేని తెప్పకు ఆ తేడా ప్రాణాల మీదికి వస్తుంది.

పూర్తి వేగంలో పడవ నీటి మీదికి ఎక్కేస్తుంది కనుక అల తగ్గుతుందని మా తీరంలో అంటారు. తేలికైన, అడుగు చదునుగా ఉన్న పడవ విషయంలో అది నిజమే. కానీ ఈ చివరి నుంచి ఆ చివరికి కిలోమీటరు కూడా ఉండని చెరువులో పడవ పైకెక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి ఆ పెద్ద అల దశను దాటవలసిందే. పోనీ, అంత చేసి మిగుల్చుకునే కాలం ఎంత? గంటకు 20 కిలోమీటర్ల వేగంతో కిలోమీటరు దూరానికి మూడు నిమిషాలు పడుతుంది, 8 కిలోమీటర్ల వేగంతో ఏడున్నర నిమిషాలు. ఆ నాలుగున్నర నిమిషాల కోసం తోటివాడి వలను, తెప్పను పణంగా పెట్టవలసిన అవసరం ఎవరికీ లేదు.

ఇక ప్రొపెల్లర్. 10 హార్స్‌పవర్ ఇంజను తోసే నీరు ఆరడుగుల లోతు వరకు అడుగు మట్టిని కదిలించగలదు. మీ చెరువులో ఎగువ భాగం నాలుగైదు అడుగులే అన్నారు. అక్కడ లేచిన బురదతో పాటు అందులో పేరుకున్న భాస్వరం నీటిలో కలుస్తుంది, దానితో నాచు పెరుగుతుంది. ఆ నాచు రాత్రంతా ఆక్సిజన్ పీల్చుకోవడం వల్ల తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. చేపలు పెంచేవారికి ఆ దృశ్యం ఎంత భయంకరమో నేను చెప్పనక్కరలేదు.

పాత టూస్ట్రోక్ ఇంజన్లను మాత్రం ఏ శక్తిదైనా అనుమతించవద్దని నా విన్నపం. వాటిలో చాలా రకాలకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల చొప్పున ఆయిల్ కలుపుతాం. ఆ మిశ్రమంలో నాలుగో వంతు వరకు కాలకుండానే పొగతో పాటు నీటిలోకి పోతుంది.

పడవను నడపడానికి కావలసిన శక్తి వేగంతో పాటు సమానంగా పెరగదు, సుమారుగా వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగాన్ని సగానికి తగ్గిస్తే ఎనిమిదో వంతు శక్తి చాలు. అందువల్ల పదహారు అడుగుల పడవ ఇద్దరు మనుషులతో, వలతో, చేపలతో గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు పోవడానికి రెండు హార్స్‌పవర్ సరిపోతుంది. మూడు హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్‌ను పై హద్దుగా పెట్టండి. ఎగువ లోతు తక్కువ భాగంలోకి వెళ్లేటప్పుడు దాన్ని కూడా పైకెత్తి గెడ వేసుకోవాలి.

సమాధానం: గాజువాక, పక్షుల పరిశీలన

మూడు హార్స్‌పవర్ కూడా ఎందుకని నా ప్రశ్న. అనకాపల్లి దగ్గరి కొండకర్ల ఆవ సరస్సులో ఇప్పటికీ జత కట్టిన తాటి దోనెలను గెడతోనే నడుపుతారు. తామరల మధ్య మనుషులు అంత దగ్గరగా తిరుగుతున్నా పక్షులు అక్కడ నిలబడి ఉండడానికి ఆ నిశ్శబ్దమే కారణమని నా నమ్మకం. భోపాల్ పెద్ద చెరువులో క్రూజ్‌లను, మోటారు పడవలను ఆపివేయాలని 2023లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. జర్మనీలోని క్యోనిగ్‌సే సరస్సులో 1909 నుంచి ప్రయాణికుల పడవలు విద్యుత్తుతోనే నడుస్తున్నాయి. పెట్రోలు ఇంజను లేకుండా వందేళ్లకు పైగా ఒక సరస్సు మీద రాకపోకలు సాగుతున్నప్పుడు 150 ఎకరాల చెరువుకు అది తప్పనిసరి అనడం సరికాదు. ముసలివారి కష్టం నాకు అర్థమవుతోంది, వారికి బ్యాటరీ మోటారు ఇవ్వండి. పెట్రోలును పూర్తిగా నిషేధించండి.

సమాధానం: అనకాపల్లి మాస్టారు (మత్స్య సంఘం పూర్వ కార్యదర్శి)

పై ఇద్దరి మాటల్లోనూ సారం ఉంది. అధికారం గురించి మీరు అడిగినదానికి ఎవరూ సమాధానం చెప్పలేదు కనుక అక్కడి నుంచి మొదలుపెడతాను.

భోపాల్ ఆదేశాన్ని మీ చెరువుకు యథాతథంగా అన్వయించలేం. అది 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో (అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో) ఉన్నది. మన రాష్ట్రంలో కొల్లేరు కూడా ఆ ఏడాదే ఆ జాబితాలో చేరింది. 2017 నాటి చిత్తడి నేలల సంరక్షణ నియమాలు సాగునీటి కోసం, తాగునీటి కోసం ప్రత్యేకంగా నిర్మించిన చెరువులను తమ పరిధి నుంచి మినహాయించాయి. ఆ నియమాల బలం మీకు ఉందనుకుని తీర్మానం రాస్తే, రేపు ఎవరైనా దాన్ని ప్రశ్నించినప్పుడు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

మీ బలం వేరే చోట ఉంది. మీది 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘమైతే, సర్వసభ్య సమావేశం చేసిన నియమం సభ్యులను కట్టడి చేస్తుంది. బయటివారిని అది కట్టడి చేయదు. నిరుడు వచ్చిన పడవ బయటివారిది కనుక ఈ తేడా మీకు ముఖ్యం. చెరువు ఎవరి అధీనంలో ఉందో, అంటే జలవనరుల శాఖదో పంచాయతీదో తెలుసుకుని, మీ తీర్మానం ప్రతిని జతపరిచి, సంఘం అనుమతి లేని మోటారు పడవను చెరువులో దింపరాదని వారి నుంచి రాతపూర్వకమైన ఉత్తర్వు కోరండి. గట్టు మీద పెట్టే బోర్డులో ఆ ఉత్తర్వు సంఖ్య ఉండాలి. పర్యాటకులను ఎక్కించుకునే ఆలోచన ఎవరికైనా ఉంటే మాత్రం సంఘ నియమాలతో సరిపెట్టుకోకండి. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత నౌకల చట్టం యాంత్రిక పడవలకు రిజిస్ట్రేషన్, సర్వే తప్పనిసరి చేసింది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన ఘోరాన్ని చూసిన రాష్ట్రంలో ఈ విషయాన్ని తేలికగా తీసుకునే హక్కు మనకు లేదు.

శక్తికి హద్దా, వేగానికా అంటే రెండింటికీ పెట్టమంటాను. ఇంజను శక్తి దాని మూత మీదే రాసి ఉంటుంది కనుక పడవను నీటిలోకి దించే ముందే తేలిపోతుంది, వాదనకు తావుండదు. అయితే మూడు హార్స్‌పవర్ ఇంజనునైనా ఖాళీ పడవకు బిగించి కుర్రవాళ్లు జోరుగా తిప్పవచ్చు, అందుకు వేగపు హద్దు కావాలి. ఇంగ్లండులో పదిహేడు కిలోమీటర్ల పొడవున్న విండర్‌మియర్ సరస్సు మీద 2005 నుంచి 10 నాట్ల హద్దు అమలవుతోంది, అంటే గంటకు సుమారు 18.5 కిలోమీటర్లు. అంత పెద్ద సరస్సుకే అంత హద్దు ఉన్నప్పుడు మీ చెరువుకు 8 కిలోమీటర్లు న్యాయమైన అంకె.

దాన్ని కొలవడానికి పరికరం అక్కరలేదు. గట్టు మీద టేపుతో వంద మీటర్లు కొలిచి, రెండు చివరల రాళ్లకు తెల్ల సున్నం వేయండి. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పోయే పడవ ఆ దూరాన్ని 45 సెకన్లలో దాటుతుంది. గట్టుకు సమాంతరంగా పోతున్న పడవ మొదటి రాయి ఎదురుగా వచ్చినప్పుడు ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కి రెండో రాయి దగ్గర ఆపితే సరి. 45 సెకన్లకు ముందే దాటితే హద్దు మీరినట్టే. అది నడిపేవాడికీ తెలుస్తుంది, చూసేవాడికీ తెలుస్తుంది, తగవు పడవలసిన పని ఉండదు.

ఇంకొక మాట. వలలు తెగింది వేగం వల్లనే అని మీరు అనుకుంటున్నట్టున్నారు. నిదానంగా పోయినా ప్రొపెల్లరు వలను కోస్తుంది. సాయంత్రం వలలు కట్టడం మొదలైనప్పటి నుంచి ఉదయం చివరి వల ఎత్తేదాకా వలలున్న నీటిలో మోటారు తిరగకూడదని విడిగా రాయండి. జూన్ నుంచి ఆగస్టు వరకు తుంగ ఉన్న ఎగువ భాగాన్ని పూర్తిగా మూసివేయండి. కొర్రమీను గూడు కట్టి పిల్లలకు కాపలా కాస్తుంది. పెద్ద చేపను బెదరగొడితే ఆ పిల్లల గుంపు మిగతా చేపలకు మేత అయిపోతుంది.

ఆనందపురం సంఘ సభ్యుడు

మాస్టారూ, మెకానిక్ గారూ, గాజువాక నుంచి రాసిన అమ్మా, మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. రాళ్లకు సున్నం వేసే పద్ధతి మా వాళ్లందరికీ నచ్చింది. చెరువు జలవనరుల శాఖది కనుక అక్కడికి అర్జీ రాస్తున్నాం. పెట్రోలును పూర్తిగా నిషేధించే ముందు బ్యాటరీ మోటారు మా గాలికి నిలబడుతుందో లేదో తెలుసుకోవాలి. ఇళ్లలో ఇన్వర్టర్లకు వాడే బ్యాటరీలు మా సభ్యుల్లో చాలామంది దగ్గర ఉన్నాయి, అవి పనికివస్తాయా?

సమాధానం: భీమిలి ఇంజన్ మెకానిక్

పనికివస్తాయి. లారీలకు వాడే బ్యాటరీ మాత్రం వద్దు. అది ఇంజనును ఒక్కసారి తిప్పడానికి చేసినది, గంటల తరబడి వాడితే త్వరగా పాడవుతుంది. 12 వోల్టుల మీద నడిచే, 55 పౌండ్ల తోపు ఉన్న మోటారు పూర్తి జోరులో సుమారు 50 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే 600 వాట్లు; ఒక హార్స్‌పవర్ 746 వాట్లు కనుక అది ఒక హార్స్‌పవర్ కూడా కాదు. అయినా దోనె గంటకు ఐదారు కిలోమీటర్లు పోతుంది. వంద ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి కనుక పూర్తి జోరులో గంటసేపు వస్తుంది. సగం జోరులో నడిపితే అంతకు చాలా ఎక్కువసేపు వస్తుంది, ఉదయపు వేటకు అది చాలు.

గాలి విషయంలో మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మామూలు గాలికి ఎదురు పోతుంది గానీ, మబ్బు పట్టి ఈదురుగాలి లేస్తే ఈ మోటారు చాలదు. అటువంటి సమయంలో మూడు హార్స్‌పవర్ ఇంజనూ పెద్ద ధీమా కాదు, ఒడ్డు పట్టుకుని కూర్చోవడమే. గాలి నైరుతి నుంచి వీచే రోజుల్లో వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లి, బ్యాటరీ తగ్గే వేళకు గాలివాలున తిరిగి వచ్చేలా వలలు కట్టే చోటు చూసుకోమనండి. గుర్రపుడెక్క ఉన్న చోట ప్రొపెల్లరుకు వేళ్లు చుట్టుకుని వైర్లు వేడెక్కుతాయి, అక్కడ మోటారు ఎత్తి గెడ వేయాలి.

బ్యాటరీ పాతిక కిలోలకు పైగా బరువు ఉంటుంది. మోటారు వెనుక ఉంది కదా అని దాన్నీ వెనుకే పెడితే దోనె వెనక్కు కుంగి నీళ్లు ఎక్కుతాయి. నడుమ, అడుగున పెట్టి తాడుతో కట్టాలి. బ్యాటరీ దగ్గరే 60 ఆంపియర్ల ఫ్యూజు వేసి, టెర్మినళ్లకు రబ్బరు మూతలు పెట్టాలి. పెట్రోలు ఇంజను ఉంచుకునే సభ్యులు ఎవరైనా ఉంటే, దాన్ని ఆపే తాడును నడిపేవారు మణికట్టుకు తగిలించుకోవాలని కూడా తీర్మానంలో చేర్చండి. మనిషి నీళ్లలో పడగానే ఆ తాడు లాగి ఇంజను ఆగిపోతుంది.