చదవడం ముందే వచ్చేసిన పాపకి ఏ కిండర్‌గార్టెన్?

ప్రశ్న:
పాపకి నాలుగున్నరేళ్లు. చిన్న కథలు సొంతంగా చదువుతుంది, 20 లోపు కూడికలు నోటితో చేసేస్తుంది. పెన్సిల్ మాత్రం పిడికిలితో పట్టుకుంటుంది, ఆటలో ఓడితే ఏడుపే. ఒక బడివాళ్లు నేరుగా ఒకటో తరగతిలో వేద్దామంటున్నారు. ఇంకోటి మాంటిస్సోరి (పిల్లలే పని ఎంచుకుని, వస్తువులు చేత్తో పట్టుకుని నేర్చుకునే పద్ధతి). వెళ్లి చూసినప్పుడు ఏం అడగాలి?

జవాబు 1:
ఒకటో తరగతికి తొందరపడకండి. అక్కడ రాత పని చాలా ఉంటుంది. చదువు ముందున్నా చెయ్యి వయసుకి తగ్గట్టే ఉంటుంది, జవాబు తెలిసీ రాయలేక పిల్ల మొండికేస్తుంది. ముందు ఎంత వచ్చో తేల్చుకోండి. ఎప్పుడూ వినని కథ చదివించి "వాడు ఎందుకలా చేశాడు?" అని అడగండి. గడగడా చదివి కారణం చెప్పలేకపోతే పలకడమే ముందుంది, అర్థం చేసుకోవడం కాదు. తర్వాత 8 గింజలు వరుసలో పెట్టి లెక్కపెట్టించండి. వాటినే దూరందూరంగా జరిపి "ఇప్పుడెన్ని?" అనండి. "ఎక్కువయ్యాయి" అంటే సంఖ్య ఇంకా కుదురుకోలేదన్నమాట.

జవాబు 2:
మాంటిస్సోరి అని బోర్డు పెట్టినంత మాత్రాన నమ్మకండి, చాలాచోట్ల ఆ పేరు ఎవరైనా వాడుకోవచ్చు. 3 నుంచి 6 ఏళ్ల వాళ్లు ఒకే గదిలో ఉండాలి. మధ్యలో గంట కొట్టి ఆపకుండా సుమారు 3 గంటలు పని సాగాలి. బంగారు పూసలు (లెక్కలకి వాడే బంగారు రంగు పూసలు), కదిపే అక్షరాలు (పేర్చి మాటలు కట్టే విడి అక్షరాలు) పిల్లల చేతికందే అరల్లో ఉన్నాయా చూడండి. మీ పాపకి కావలసినవి అవే: ఒకటి, పది, వంద, వెయ్యి పూసల కట్టలతో నాలుగంకెల కూడిక చెయ్యొచ్చు, అక్షరాలు పేర్చి వాక్యం కట్టొచ్చు. పెన్సిల్‌తో పనే లేదు.

టీచర్‌ని ఒక్కటి అడగండి: "పని ముందే ముగించిన పిల్లకి ఏమిస్తారు?" అదే రకం వర్క్‌షీట్ ఇంకోటి అన్నా, పక్కవాళ్లకి నేర్పిస్తుంది అన్నా అనుమానించాల్సిందే. ఎప్పుడైనా సాయం సరే, రోజూ అయితే తను కొత్తగా నేర్చుకునేదేముంది? పోయిన నెలలో ఫలానా పిల్లకి ఇది ఇచ్చాం అని చెప్పగలగాలి.

జవాబు 3:
పై మాటతో ఏకీభవిస్తాను, కానీ ఒక చిక్కుంది. ఐదు దాటాక ఆ గదిలో తనే పెద్దదైపోతుంది. ఐదేళ్లు దాటినవాళ్లు ఎందరున్నారో అడగండి, ఒకరిద్దరే అయితే ఆలోచించాలి. ఇష్టమైన పనే ఎంచుకోనిస్తే రాతని తప్పించుకునే పిల్లలూ ఉంటారు, ఏది ముట్టుకోలేదో టీచర్ రాసి పెడతారా కనుక్కోండి.

మొదటి బడివాళ్లని ఇంకో దారి అడగొచ్చు: తన ఈడువాళ్లతోనే ఉంచి, చదివే గంటకి మాత్రం ఒకటో తరగతికి పంపడం. రెండు తరగతుల టైంటేబుల్ కలవాలి, తీసుకెళ్లే మనిషి ఉండాలి. ఇవి ముందే కాగితం మీద తేలకపోతే కొన్ని వారాల్లో ఆగిపోతుంది.

పిడికిలి పట్టుకి విరిగిన క్రేయాన్ ముక్కలివ్వండి, అంగుళం మించకూడదు. అంత చిన్నది పిడికిట్లో ఇమడదు, వేళ్లతోనే పట్టాలి. ఓడితే ఏడవడం ఈ వయసులో మామూలే.