ఆయిల్ ట్యాంకర్‌కీ కెమికల్ ట్యాంకర్‌కీ తేడా ఏంటి? వచ్చే నెలే జాయినింగ్

గాజువాక కుర్రాడు:
అన్నలూ, నమస్తే. బల్క్ క్యారియర్‌లో (బొగ్గు, ధాన్యం లాంటి పొడి సరుకు మోసే ఓడ) ఒక కాంట్రాక్ట్ చేశాను. ఇప్పుడు కెమికల్ ట్యాంకర్ వచ్చింది. ఆయిల్ ట్యాంకర్‌లాగే ఉంటుందిలే అంటున్నారు ఫ్రెండ్స్. డెక్ ఫొటో చూస్తే అన్నీ పైపులే, టెన్షన్‌గా ఉంది.

మల్కాపురం పంప్‌మ్యాన్ (రిటైర్డ్):
ఆ "లాగే" అన్న మాట నమ్మకు బాబూ. పెద్ద ఆయిల్ ట్యాంకర్లలో మామూలుగా ఒక పంప్ రూమ్, మూడు నాలుగు పెద్ద పంపులు ఉంటాయి. కెమికల్ ట్యాంకర్‌లో చాలావరకు ట్యాంకుకో పంపు, ట్యాంకుకో లైను. ఇరవై ట్యాంకులుంటే ఇరవై సంసారాలన్నమాట. ఆ పైపుల అడవి అందుకే. పడని సరుకులు రెండూ పక్కపక్కన పెట్టరు. మధ్యలో కాఫర్‌డ్యామ్ అనే ఖాళీ గదో, ఖాళీ ట్యాంకో, రెండింటితోనూ గొడవ పడని సరుకో ఉండాలి.

ట్యాంకు లోపల నున్నగా ఉండాలి, లేకపోతే కడగలేం. అందుకే డెక్ కింద ఉండాల్సిన దూలాలు పైకి వచ్చేస్తాయి. రాత్రిపూట కాళ్లకి తగులుతాయి, చూసుకుని నడువు. మధ్య గోడలు షాపు షట్టర్‌లా మడతలు మడతలుగా ఉంటాయి.

మన ఎరువుల ఫ్యాక్టరీకి వచ్చే ఫాస్ఫారిక్ యాసిడ్‌ని జింక్ పూత ట్యాంకులో పోస్తే పూత తినేస్తుంది. దానికి స్టెయిన్‌లెస్ స్టీలు కావాలి. పైగా నీళ్లకంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువు కాబట్టి, ట్యాంకు ఆ బరువుకు కట్టింది కాకపోతే నిండా నింపనివ్వరు.

ఎంవీపీ కాలనీ సెకండ్ మేట్:
ఓరల్స్‌లో, అంటే ఆఫీసర్ల మౌఖిక పరీక్షలో, ఐబీసీ కోడ్ (ప్రమాదకర కెమికల్స్ మోసే ఓడల అంతర్జాతీయ నియమావళి) టైపులు అడుగుతారు తమ్ముడూ. టైప్ 1 సరుకు అన్నిటికంటే ప్రమాదం. ఆ ట్యాంకు ఓడ పక్క నుంచి వెడల్పులో ఐదో వంతు, లేదా 11.5 మీటర్లు, ఏది తక్కువైతే అంత లోపల ఉండాలి. 1,250 క్యూబిక్ మీటర్లు దాటకూడదు. టైప్ 2కి 760 మిల్లీమీటర్లు, 3,000 క్యూబిక్ మీటర్లు. టైప్ 3కి ఈ గొడవ లేదు.

గాజువాక కుర్రాడు:
క్లీనింగ్ చాలా కష్టమంటారు, నిజమేనా బాబాయ్?

మల్కాపురం పంప్‌మ్యాన్:
అదే అసలు పని. ఒకసారి మిథనాల్ లోడింగ్‌కి ముందు మేం సముద్రపు నీళ్లతో కడిగి, మంచినీళ్ల దగ్గర పిసినారితనం చూపించాం. ట్యాంకు శుభ్రంగా ఉందో లేదో చూసే సర్వేయర్ గోడ మీద మిథనాల్ పోసి, ఆ చుక్కలు పట్టి టెస్ట్ చేస్తే ఉప్పు బయటపడింది. రాత్రంతా మళ్లీ కడిగాం. ఛీఫ్ ఆఫీసర్ తిట్లు వేరే.

2007 జనవరి 1 తర్వాత కట్టిన ఓడల్లో, పంపుతో అంతా తోడేశాక ట్యాంకులోనూ దాని పైపుల్లోనూ కలిపి 75 లీటర్లకు మించి సరుకు మిగలకూడదు. ఎక్కిన మొదటి వారంలోనే పంప్ కాఫర్‌డ్యామ్ పర్జింగ్ నేర్చుకో, అంటే పంపులో సరుకు వైపు సీలుకీ దాన్ని తిప్పే హైడ్రాలిక్ ఆయిల్ వైపు సీలుకీ మధ్య ఉండే ఖాళీని ఊది చూడటం. అందులోంచి సరుకు వచ్చిందా, హైడ్రాలిక్ ఆయిల్ వచ్చిందా అన్నదాన్ని బట్టి ఏ సీలు పోయిందో తెలుస్తుంది.

గాజువాక కుర్రాడు:
ఆయిల్, కెమికల్ బేసిక్ కోర్సు చేశాను. చాలుతుందా?

ఎంవీపీ కాలనీ సెకండ్ మేట్:
ఆ రెండింటికీ ఒకటే బేసిక్, చాలు. గ్యాస్ ట్యాంకర్‌కి మాత్రం వేరు.