క్రిస్పీ అయిన జంతికలా, కరకరలాడే జంతికలా?

వంటింటి పలక:
మా కాలనీ పత్రికకు వచ్చే వంటల వ్యాసాలు నేనే దిద్దుతాను. ఈ నెల ఒకావిడ ‘క్రిస్పీ అయిన జంతికలు’ అని రాసి పంపారు. ‘కరకరలాడే జంతికలు’ అని మార్చాను. ‘క్రిస్పీ అందరికీ తెలిసిన మాటే కదండీ, ఎందుకు తీసేశారు?’ అని ఆవిడ నొచ్చుకున్నారు. నా అభ్యంతరం క్రిస్పీ మీద కాదు, ఆ ‘అయిన’ మీద. మూకుడు ముందు నిలబడి ఎవరైనా అలా అంటారా? ‘క్రిస్పీ జంతికలు’ అంటాం, లేదా ‘క్రిస్పీగా వచ్చాయి’ అంటాం. మంచి నెయ్యి, వేడి అన్నం అన్నట్టే ఫ్రెష్ పాలు, స్ట్రాంగ్ టీ. ముఖ్యము చివర ‘ము’ ఉంది కాబట్టి ‘ఐన’ కలిసి ముఖ్యమైన అయింది. అది చూసి ‘ఇంపార్టెంట్ అయిన’ అని కట్టేస్తున్నారు. ‘డాక్టర్ అయిన మా పిన్ని’ అంటే వేరు, డాక్టర్ నామవాచకం, అక్కడ ‘అయిన’కు పని ఉంది.

చెరువుగట్టు:
ఒప్పుకోనండీ. ‘పిల్లలకు సేఫ్ అయిన బొమ్మలు’ లోంచి ‘అయిన’ తీసి చదవండి, వాక్యం కుంటుతుంది. మీ ‘లాడే’ కూడా అన్నిచోట్లా నడవదు. ‘ఢాంలాడే టపాకాయ’ అంటారా? ‘ఢామ్మనే టపాకాయ’ అంటాం.

వంటింటి పలక:
సేఫ్ సంగతి నాకు తట్టలేదు, మీరన్నది నిజం. ముందు ‘పిల్లలకు’ లాంటి మాట ఉంటే ‘అయిన’ కావాలి. ‘ఒంటికి మంచిదైన తిండి’ అన్నప్పుడు మంచికే తోడు కావలసి వస్తోంది మరి! ఢాంకి మాత్రం కారణం వేరు. కరకరలు, గలగలలు బహువచనాలు. వాటికి ‘ఆడే’ చేరితే కరకరలాడే, గలగలలాడే. ఒక్కసారి పేలి ఆగిపోయేదానికి బహువచనం ఎక్కడిది? అందుకే అక్కడ ‘అనే’ వస్తుంది. గాజులకైతే రెండూ నప్పుతాయి, గలగలలాడే గాజులు, గలగలమనే గాజులు.

వారాంతపు బడి:
డల్లాస్‌లో పిల్లలకు తెలుగు చెబుతాను. వాళ్ల నోట ఎప్పుడూ ‘క్రంచీ’ మాటే. ఒకరోజు వేయించిన అప్పడం తీసుకెళ్లి ఒక్కొక్కరి చెవి దగ్గర విరిచాను. కరకర అని వాళ్లే అన్నారు. అప్పుడు ‘కరకరలాడే అప్పడం’ అని బోర్డు మీద రాస్తే మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. ఒక పాప మాత్రం ‘ఘుమఘుమలాడే సాంబారు’ చదివి, ‘ఆ చప్పుడు ఎక్కడ వస్తుంది మేడం?’ అని అడిగింది. అది ముక్కుకి తెలిసేది, తళతళలాడే గిన్నె కంటికి తెలిసేది, అయినా మాటల కట్టు ఒకటేనని చెప్పాను. ‘క్రిస్పీ’ రాయండి, తప్పులేదు. కానీ చెవికి వినపడే మాట మన దగ్గరుండగా దాన్ని పక్కన పెట్టకండి.

వంటింటి పలక:
ఆవిడకు ఫోన్ చేశాను. శీర్షిక ఆవిడ మాటతోనే ‘క్రిస్పీ జంతికలు’ అని వేస్తున్నాం, ‘అయిన’ లేకుండా. లోపల, నూనెలోంచి తీసి చల్లారాక ఒకటి విరిచి చూడమన్న చోట ‘కరకరలాడే’ ఉంటుంది. దానికి ఆవిడే ఒప్పుకున్నారు.