పాత మారుతి 800కి ఇంట్లోనే రంగు: లప్పం నీళ్ళతో రుద్దొచ్చా?

ప్రశ్న (ఆమదాలవలస నుంచి):
అందరికీ నమస్కారం. నాన్నగారి మారుతి 800 ఉంది, 2004 బండి, తెలుపు. ఇంజిన్ బాగానే ఉంది గానీ డోర్ల అడుగున, వెనక చక్రం పైన తుప్పు పట్టి రంగు పొక్కులుగా లేస్తోంది. మూడేళ్ళ కిందట ఒకచోట డెంటింగ్, పెయింటింగ్ చేయిస్తే ఏడాది తిరక్కుండానే సరిగ్గా అవే చోట్ల మళ్ళీ ఉబ్బింది. ఈసారి నేనే చేద్దామని చిన్న కంప్రెసర్, స్ప్రే గన్ను అడిగి తెచ్చుకున్నాను. లప్పం (గుంటలు పూడ్చే పుట్టీ) నీళ్ళు పోసి రుద్దమని కొందరు, వద్దని కొందరు అంటున్నారు. పాత రంగు మొత్తం గీకేయాలా? ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

జవాబు (శ్రీకాకుళం నుంచి):
తమ్ముడూ, లప్పం మీద చుక్క నీరు పడనివ్వకు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. హార్డనర్ కలిపి పెట్టే ఆ లప్పం ఆరాక గట్టిగా రాయిలా కనిపిస్తుంది గానీ లోపల సన్నని రంధ్రాలుంటాయి, నీటిని పీల్చేసుకుంటుంది. నేను మొదటిసారి నా బండి బానెట్ మీద లప్పాన్ని వాటర్ పేపరుతో హాయిగా రుద్ది, మర్నాడే ప్రైమర్ కొట్టాను. వానాకాలం దాటేసరికి వేలిగోరంత పొక్కు లేచింది, గోటితో లాగితే లప్పం పెచ్చులా వచ్చేసింది, కింద ఇనుమంతా ఎర్రగా ఉంది. మీ బండికీ అదే జరిగి ఉండొచ్చు, లేదా తుప్పు తీయకుండా పైన లప్పం మెత్తేసి ఉండొచ్చు.

ముందు సబ్బునీళ్ళతో బాగా కడుగు, మన వైపు సముద్రపు గాలికి ఉప్పు పేరుకుంటుంది కాబట్టి చక్రాల లోపలి వైపు కూడా. ఆరాక గ్రీజ్ రిమూవర్‌తో తుడవాలి, ఇది రుద్దకముందే చెయ్యాలి, లేదంటే పాత పాలిష్ జిడ్డు పేపరు గీతల్లోకి దిగిపోతుంది. ఒక గుడ్డతో పూసి, అది ఆరిపోయేలోగా వేరే పొడి గుడ్డతో తుడిచెయ్యి. కిరసనాయిలు, పెట్రోలు వాడకు, జిడ్డు మిగిలిపోతుంది. టైరు పాలిష్ లాంటివి ఈ పని అయ్యేదాకా బండి దరిదాపుల్లోకి రానివ్వకు, ఆ సిలికాన్ తగిలిన చోట కొత్త రంగు చేపకన్నులా విడిపోయి గుంటలు పడుతుంది.

తుప్పు దగ్గర మొహమాటం వద్దు. 80 నంబరు పేపరుతో తెల్లని ఇనుము కనిపించేదాకా గీకాలి, పాత లప్పం మొత్తం తీసెయ్యాలి. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడు, లోపలికి దిగితే అక్కడ రేకు పోయినట్టే, లప్పంతో మూస్తే నిలవదు. ఇంకోటి, డోరు కింది అంచులో నీళ్ళు పోయే సన్న రంధ్రాలుంటాయి, వాటిని సైకిల్ స్పోక్‌తో పొడిచి శుభ్రం చెయ్యి. అవి మట్టితో పూడిపోతే వాన నీరు డోరు లోపలే నిలిచి లోపల్నుంచి తినేస్తుంది. బయట ఎంత మంచి రంగు వేసినా లాభం ఉండదు.

గీకిన ఇనుముకి అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు పట్టకుండా ముందు వేసే పూత) పట్టించు. ఇక్కడి తేమకి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబారిపోతుంది. ప్రైమర్ ఆరాక కొంచెం గరుకు చేసి దాని మీద లప్పం. వంద గ్రాములకి రెండు గ్రాముల హార్డనర్, అంతకన్నా ఎక్కువైతే హార్డనర్ రంగు పైకి మరకలా తేలొచ్చు. మన ఎండకి ఐదారు నిమిషాల్లో బిగుసుకుంటుంది, అందుకే కొంచెం కొంచెమే కలుపు. తర్వాత 80, 180, 320 నంబరు పేపర్లు వరసగా చెక్కముక్కకి చుట్టి పొడిగానే రుద్దు, వేళ్ళతో రుద్దితే గాడులు పడతాయి.

జవాబు (విజయనగరం నుంచి):
అన్న చెప్పింది నిజం. పాత రంగు గురించి నేను చెప్తాను. దూదిని ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) తిన్నర్లో ముంచి ఒక మూల నిమిషం అదిమి పెట్టండి. దూదికి రంగు అంటినా, అక్కడ ముడతలు పడినా మధ్యలో ఎవరో ఎన్.సి. రంగు వేసినట్టు, దాని మీద 2కె (హార్డనర్ కలిపి కొట్టే రంగు) కొడితే పాతది లేచిపోతుంది, అది తీసెయ్యాల్సిందే. ఏమీ కాకపోతే అది గట్టి రంగు, గీకక్కర్లేదు, మెరుపు పోయేదాకా 400తో గరుకు చేస్తే చాలు.

నీళ్ళ వాడకం 2కె సర్ఫేసర్ (పై రంగుకి ముందు నున్నదనం కోసం కొట్టే పూత) కొట్టి, రాత్రంతా ఆరాక మొదలవుతుంది. దాని మీద నల్ల స్ప్రే డబ్బా దూరం నుంచి మంచు తుంపరలా పలచగా చల్లి, చెక్కకి 600 వాటర్ పేపరు చుట్టి రుద్దండి. ఎత్తులో నలుపు పోతుంది, పల్లంలో చుక్కలుగా మిగులుతుంది. ఎక్కడ లోతుందో కంటికి తెలిసిపోతుంది. మా ఇంట్లో డోరు చేత్తో తడిమితే నున్నగా ఉంది, ఈ నలుపు వేశాక మాత్రం అరచేతంత పల్లం బయటపడింది.

2కె హార్డనర్లో ఐసోసయనేట్లుంటాయి, గుడ్డ మాస్కు దానికి ఏమాత్రం సరిపోదు. ఊపిరితిత్తులకి ప్రమాదం. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకపోతే సర్ఫేసర్, పై రంగు గన్నుతో కొట్టే పని మాత్రం పెయింట్ బూత్ (రంగు కొట్టే మూసిన గది) ఉన్న చోట చేయించండి, తయారీ పనంతా మీరే చేసుకోవచ్చు. రంగు మారిస్తే ఆర్సీలో కూడా మార్పించాలి, తెలుపు మీద తెలుపే అయితే ఆ గొడవ లేదు.

ప్రశ్న అడిగినాయన:
స్క్రూడ్రైవర్ పెట్టి చూశాను. డోర్లు గట్టిగానే ఉన్నాయి గానీ రంధ్రాల్లోంచి గుప్పెడు మట్టి వచ్చింది. వెనక చక్రం పైన మాత్రం రెండు చోట్ల దిగిపోయింది. ఇప్పుడేం చెయ్యాలి?

జవాబు (శ్రీకాకుళం నుంచి):
అయితే లప్పం డబ్బా ఇంకా తెరవకు. ఆ రెండు చోట్లా రేకు కోయించి కొత్త ముక్క వెల్డింగ్ చేయించు. బ్యాటరీ వైర్లు విప్పు, వెనక సీటు, కార్పెట్ తీసెయ్యి, పెట్రోలు ట్యాంకు వెనకే కాబట్టి వెల్డరుకి ముందే చెప్పు. వెల్డింగ్ వెనక వైపు కూడా ఎపాక్సీ పట్టించు. నవంబరు దాకా తుఫాన్ల టెన్షన్ ఉంటుంది, డిసెంబరు చివర్లో పెట్టుకో. మంచు కరిగాక పది గంటలకి మొదలెట్టి మూడింటికల్లా ప్రైమర్ అయిపోయేలా చూసుకో.