1600 మీటర్లలో మూడో రౌండ్‌కే కాళ్లు బిగుస్తున్నయ్, తిండిలో ఏం మార్చాలె?

ఓరుగల్లు పోరగాడు:

నమస్తే అందరికీ. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, అంటే ఉరుకుడు, జంపు, గుండు విసురుడు పరీక్షలకి తయారవుతున్నా. హనుమకొండలో రూమ్ తీసుకొని ముగ్గురం ఉంటున్నాం. పొద్దుగాల 5 గంటలకే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి పోతాం. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకి 1600 మీటర్లకి 7 నిమిషాల 15 సెకన్లు ఇచ్చిన్రు, మళ్లీ అదే ఉంటదనుకొని కొడుతున్నా. నాది 7:37 దగ్గర ఆగిపోయింది, ఎంత చేసినా కదలట్లేదు. మొదటి రౌండ్ 1:32, రెండోది 1:45, మూడోది 2:05, ఆఖరుది 2:15. మూడో రౌండ్ సగం కాంగనే తొడలు బిగుసుకుంటయ్, అడుగు పడదు. గీత దాటి నిలబడ్డంక ఒక్కోసారి కళ్లు తిరుగుతయ్.

బరువు 62 కిలోలు, ఎత్తు 172 సెంటీమీటర్లు. పొద్దున మంచినీళ్లు తప్ప ఏం తీసుకోను. ఖాళీ కడుపుతో ఉరికితేనే స్టామినా వస్తదని రూమ్మేట్ చెప్పిండు. వచ్చినంక 4 ఉడకబెట్టిన గుడ్లు, చాయ్. మధ్యాహ్నం మెస్ భోజనం. రాత్రి అన్నం మానేసిన, పొట్ట వస్తదనీ పొద్దున బద్ధకంగా ఉంటదనీ. రెండు పుల్కాలు, కూర, అంతే.

ఇప్పుడు ఒక షాపాయన ప్రోటీన్ పొడి డబ్బా వాడితే నెలలో టైమింగ్ దిగుతదంటున్నడు. 2,800 రూపాయలు. అది కొంటే ఆ నెల మెస్ బిల్లు కట్టలేను. కొనాల్నా వద్దా? అసలు ఉరకడానికి ఏ తిండి పనిచేస్తది? తెలిసినవాళ్లు చెప్పండి.

జిమ్ సాయి:

బ్రో, ప్రోటీన్ లేకుంటే కాళ్లల్లో బలం ఎక్కడికెళ్లి వస్తది? అప్పు చేసైనా కొను. ఉరికే ముందు గ్లూకోజ్ పొడి రెండు చెంచాలు నోట్లో వేసుకో. మా బ్యాచ్ మొత్తం అట్లనే చేసింది.

మియాపూర్ రన్నర్:

గ్లూకోజ్ సంగతి పూర్తిగా కొట్టిపారేయలేం. 1924లో బోస్టన్ మారథాన్ పూర్తికాగానే డాక్టర్లు కొందరు రన్నర్ల రక్తం తీసి చూశారు. సోలిపోయి వచ్చినవాళ్లలో చక్కెర బాగా పడిపోయి ఉంది. మరుసటి ఏడు ముందునుంచీ పిండిపదార్థాలు బాగా పెట్టి, దారిలో మిఠాయి బిళ్లలు తినిపిస్తే పరిస్థితి చాలా మెరుగైంది. నేను హాఫ్ మారథాన్‌లో గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్ (పిండిపదార్థాలు) పడేలా చూసుకుంటా. రన్నర్లు దారిలో తినే ఎనర్జీ జెల్‌లు ఖరీదు, అందుకే జేబులో ఖర్జూరాలు. అయితే నెమ్మదిగా పరిగెత్తే రోజుల్లో నేనూ ఖాళీ కడుపుతోనే వెళ్తా, ఏ ఇబ్బందీ లేదు. మీ రూమ్మేట్ మాటలో కొంత నిజం ఉంది.

రిటైర్డ్ పీఈటీ, జనగామ:

బిడ్డా, మొత్తం చదివిన. డబ్బా మాట తర్వాత. నీ రౌండ్ల లెక్క చూస్తేనే సగం సంగతి తెలుస్తోంది. 7:15 అంటే 435 సెకన్లు. నాలుగు రౌండ్లకి పంచితే ఒక్కోటి 1:48 చిల్లర. నువ్వు మొదటిదే 1:32కి కొడుతున్నవ్. ఆ వేగానికి సరిపడా ఆక్సిజన్ నీ గుండె, ఊపిరితిత్తులు ఇంకా అందించలేవు. కండరం తనలో నిల్వ ఉన్న పిండిపదార్థాన్ని, దాన్నే గ్లైకోజెన్ అంటరు, ఆక్సిజన్ లేకుండానే వాడేసుకుంటది, లోపల ఆమ్లం పేరుకుంటది, మూడో రౌండ్‌కి తొడ బిగుస్తది. మటన్ తిన్నా, బాదంపప్పు తిన్నా ఇది ఆగదు. మొదటి రౌండ్ 1:46కి తేవాలె. పక్కనోళ్లు ఉరుకుతుంటే ఉరకనియ్యి, మూడో రౌండ్‌లో వాళ్లే నీకు ఎదురు దొరుకుతరు. ప్రతి బ్యాచ్‌లో ఇది చూస్తూనే ఉన్నా, అయినా విజిల్ ఊదంగనే అందరూ మర్చిపోతరు.

ఇగ తిండి. మియాపూర్ బాబు చెప్పింది నిజమే, కానీ అది 42 కిలోమీటర్ల ముచ్చట. పరుగులో కిలో బరువుకి కిలోమీటరుకి దాదాపు ఒక కేలరీ ఖర్చవుతది. 62 కిలోల నీకు 1600 మీటర్లంటే 100 కేలరీలు, పిండిపదార్థం లెక్కన 25 గ్రాములు. ఒక అరటిపండు! నీ వయసు పిల్లగాడి కండరాల్లోనే 300, 400 గ్రాముల గ్లైకోజెన్ పడుతది, కాలేయంలో ఇంకో 80, 100 గ్రాములు. కాబట్టి పరుగు మధ్యలో నీకు ఇంధనం అయిపోవుడు అనేది ఉండదు. గీత మీద నిలబడి గ్లూకోజ్ పొడి మింగితే గొంతు ఎండుడు తప్ప లాభం కనపడదు.

మరి రాత్రి అన్నం ఎందుకు తినమంటున్నానంటే, ఈవెంట్ రోజు కోసం కాదు, ప్రాక్టీస్ కోసం. పొద్దున గంట సేపు రౌండ్లు, సాయంత్రం జంపులు, గుండు విసురుడు. ఇట్ల గట్టిగా చేసిన రోజు తొడల్లో గ్లైకోజెన్ నిల్వ బాగా దిగిపోతది. సరిపడా తిన్నా అది మళ్లీ నిండడానికి దాదాపు ఒక రోజు పడుతది. నువ్వేమో రెండు పుల్కాలు తిని పడుకుంటున్నవ్. ఒక్కో మెస్ పుల్కాలో 15 గ్రాముల పిండిపదార్థం ఉంటే గొప్ప. మంగళవారం కొంచెం తక్కువ నిండుతది, బుధవారం ఇంకొంచెం. శుక్రవారం వచ్చేసరికి ఈడ్చుకుంటా ఉరుకుతవ్, మనసులోనేమో స్టామినా లేదనుకుంటవ్. ఒక్కటి చెప్పు నాకు: ఆదివారం సెలవు తీసుకున్నంక సోమవారం టైమింగ్ బాగుంటోందా, శుక్ర, శనివారాలకి పెరుగుతోందా? అట్లయితే నీకు తక్కువైంది ప్రోటీన్ కాదు, అన్నం.

రోజూ గంట, గంటన్నర గట్టిగా కొట్టేటోడికి కిలో బరువుకి 5 నుంచి 7 గ్రాముల పిండిపదార్థం కావాలె. నీకు 310 నుంచి 430 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల దాకా ఉంటది. రెండు పూటలా కడుపునిండా అన్నం తిని, పొద్దున టిఫినో, జొన్నరవ్వతో వండే గటకో, రెండు మూడు అరటిపండ్లో పడితే గానీ అక్కడికి చేరవు. పొట్ట వస్తదని భయపడుతున్నవ్ గానీ, 172 ఎత్తుకి 62 కిలోలున్నోడికి, అదీ రెండు పూటలా గ్రౌండ్‌లో ఉండేటోడికి పొట్ట ఎక్కడిది?

ఖాళీ కడుపు ముచ్చట. ఆకలి మీద ఉరికితే ఒళ్లు కొవ్వుని ఎక్కువ వాడుకుంటది, అది నిజం. నెమ్మది పరుగుకి అది చాలు. కానీ కొవ్వు నుంచి శక్తి నిదానంగా వస్తది. అదే లీటరు ఆక్సిజన్‌తో పిండిపదార్థం ఎక్కువ శక్తినిస్తది. నీది ఉన్న ఊపిరంతా పెట్టి కొట్టే పరుగు, అక్కడ కొవ్వు అందుకోలేదు. పైగా రాత్రంతా మెదడు కాలేయంలో నిల్వనే తింటది, తెల్లారేసరికి అది బాగా తగ్గిపోయి ఉంటది. లేవంగనే ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు తిని అరగంటకి ఉరుకు. కడుపులో తిప్పితే సగం పండుతో మొదలుపెట్టు, వారం పదిరోజుల్లో అలవాటవుతది.

కళ్లు తిరుగుడు గీత దాటి నిలబడ్డంక అంటున్నవ్. అది తిండి వల్ల కాకపోవచ్చు. ఉరికేటప్పుడు పిక్కలు పిండుకుంటూ రక్తాన్ని పైకి తోస్తయ్. నువ్వు టక్కున ఆగితే రక్తం కాళ్లల్లోనే నిలుస్తది, తలకి తగ్గుతది. గీత దాటంగనే మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగకు, ఇంకో వంద మీటర్లు నడువు. ఉరికేటప్పుడే కళ్లు చీకట్లు కమ్మితే, గుండెలో పట్టేసినట్టుంటే మాత్రం ప్రాక్టీస్ ఆపి డాక్టర్‌కి చూపించుకో.

ఇప్పుడు డబ్బా. కండరం బాగుపడనీకి ప్రోటీన్ కావాలె, నేను కాదనను. నీకు కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాములు, అంటే రోజుకి 75 నుంచి 100 గ్రాములు. నాలుగు గుడ్లతో 24 వస్తయ్. గుప్పెడు పల్లీలు 7, రెండు గిన్నెల పప్పు 12, గ్లాసు పాలు, కప్పు పెరుగు కలిపి 12, నువ్వు తినే అన్నంలోనే 12, 15. అక్కడక్కడికే చేరినవ్. 50 గ్రాముల మీల్‌మేకర్ కూరలో వేసుకుంటే ఇంకో 25 గ్రాములు, ఖర్చు ఒక చాయ్ అంత. పరుగులో ఖర్చయ్యే శక్తిలో ప్రోటీన్ వాటా చాలా చిన్నది. ఆ 2,800 మెస్‌కి కట్టు. ఇంకా మిగిలితే బూట్లు చూడు, అడుగు అరిగినయ్‌తోని ఉరుకుతుంటరు మీరంతా.

గ్రౌండ్ నుంచి వచ్చినంక గుడ్లు, చాయ్‌తో ఆగకు. మా ఇంటామె జొన్న గటక రాత్రే వండిపెడతది. పొద్దున గ్రౌండ్ నుంచి పిల్లలు వస్తే దాన్ని చేత్తో మెదిపి, పుల్లటి మజ్జిగ పోసి, రాళ్ల ఉప్పేసి, ఉల్లిగడ్డ పక్కన పెట్టి ఇస్తది. మొదట్ల ముఖాలు ముడుస్తరు, తర్వాత రెండో చెంబు అడుగుతరు. పిండిపదార్థం, నీళ్లు, చెమటల పోయిన ఉప్పు, అన్నీ దాంట్లనే ఉన్నయ్. గుడ్లు దాంతో తిను.

ఖమ్మం స్టాఫ్ నర్స్:

సార్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. తమ్ముడూ, ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే చేస్తారు. ఊపిరితిత్తుల నుంచి కండరానికి ఆక్సిజన్ మోసేది అదే. మగవాళ్లకి 13, ఆడవాళ్లకి 12 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క. అది తగ్గి ఉంటే ఎంత అన్నం తిన్నా, ఎన్ని రౌండ్లు కొట్టినా ఆయాసం తగ్గదు.

ఇంకో సంగతి, గుడ్లతో పాటు చాయ్ తాగుతున్నారు. చాయ్‌లో ఉండేవి ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు, తిండికీ చాయ్‌కీ మధ్య కనీసం గంట ఎడం పెట్టండి. పప్పులో, తోటకూరలో ఉండే ఐరన్ త్వరగా పట్టదు, నిమ్మకాయ పిండుకుంటే, జామకాయ తింటే బాగా పడుతుంది. మాంసం తినేవాళ్లయితే వారానికోసారి మేక కార్జం తెచ్చుకోండి. ఐరన్ మాత్రలు మాత్రం పరీక్ష చేయించుకోకుండా మింగకండి.

ఇది చదివే ఆడపిల్లలకి కూడా చెప్తున్నా. 2022 నోటిఫికేషన్ లెక్కన 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో కొట్టాలని, సన్నబడితే వేగం వస్తుందని రాత్రి పూట తిండి మానేస్తున్నారు. మా వార్డుకి అలాంటివాళ్లు వస్తుంటారు. ప్రాక్టీస్ మొదలుపెట్టాక నెలసరి ఆగిపోతే దాన్ని హాయి అనుకోవద్దు. ఖర్చుకి తగ్గ తిండి లేక ఒళ్లు కొన్ని పనులు ఆపేసుకుంటోందని అర్థం, తర్వాత ఎముకలు బలహీనపడి చీలికలు వస్తాయి. సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పండి.

ఓరుగల్లు పోరగాడు:

సార్, అక్కా, దండం మీకు. నోట్‌బుక్ తీసి చూసిన. సోమవారాలు 7:33, 7:35 ఉన్నయ్, శనివారాలు 7:44 దాకా పోయినయ్. నేను ఎండ వల్ల అనుకున్నా. డబ్బా కొనట్లేదు. ఇంకొక్కటి అడుగుతా సార్. ఈవెంట్ రోజు తెల్లారక ముందే రమ్మంటరంట, సర్టిఫికెట్లు, వేలిముద్రలు అన్నీ అయ్యి మన వంతు వచ్చేసరికి 10 కూడా అయితదంట. అప్పుడు ఎట్ల తినాలె?

రిటైర్డ్ పీఈటీ, జనగామ:

మంచి ప్రశ్న అడిగినవ్. చానా మంది పొద్దున నాలుగింటికి ఏం తినకుండ పోయి, పది దాకా ఎండలో కూసొని, ఆకలి మీద ఉరుకుతరు. ఇంకొందరు లైన్‌లో ఆకలైతుందని గేటు బయట పూరీలు తిని వస్తరు, రెండో రౌండ్‌లో కక్కుతరు.

ముందురోజు రాత్రి అన్నం, పప్పుచారు, పెరుగు. అంతే. ఊరికొచ్చినం కదా అని బిర్యానీ దిక్కు పోకు. కారం, నూనె, మసాలా పొట్టలో నిలుస్తయ్. పొద్దున బయల్దేరే ముందు నాలుగు ఇడ్లీలు, చట్నీ తక్కువ. దాని తర్వాత రెండు మూడు గంటలు గడిచినా వంతు రాకపోతే ఒక అరటిపండు, అట్ల గంట గంటన్నరకోటి. సంచిలో నాలుగు పండ్లు, నాలుగు ఖర్జూరాలు పెట్టుకో, లోపలికి రానియ్యకపోతే గేటు దగ్గరనే తినేసి పో. పిలిచే టైమ్ దగ్గరపడ్డదనిపిస్తే ఖర్జూరమే తిను, పండు వద్దు.

నీళ్లు గుటక గుటకగా తాగుతుండు. దాహమైతుందని లీటరు సీసా ఒక్కసారి ఎత్తేస్తే కడుపుల కదులుతది. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్టు. చాయ్ రోజూ తాగేటోడివే కాబట్టి గంట ముందు ఒక కప్పు తాగు, కెఫీన్ కొంత సాయపడుతది. అలవాటు లేనోళ్లు ఆ రోజు మొదలుపెట్టొద్దు.

ఇదంతా ఆ రోజే మొదటిసారి చేయకు. వచ్చే రెండు ఆదివారాలు పొద్దున నాలుగింటికి ఇడ్లీ తిని, పది గంటలకి ఎండలో 1600 కొట్టి చూడు. గొడుగు పట్టుకొని నేను రాను గానీ, టైమింగ్ ఇక్కడ పెట్టు, చూస్తా. మొదటి రౌండ్ ఎంతకి కొట్టినవో అది కూడా రాయి.